ముప్పై ఆరు డిగ్రీలు

ఎనభైల నడుమ ఆ రోజుల్లో మంచిర్యాల మొత్తం మీద ఇంజన్ మర్మం తెలిసినవాళ్లం ఇద్దరమేనని నాకు గట్టి నమ్మకం. ఒకరు మా ఉస్తాద్, రెండోవాణ్ణి నేను. (ఉస్తాద్‌ను ముందు చెప్పడం మర్యాద కోసమే. మనసులో వరుస వేరుగా ఉండేది.) అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ మొదటి ఏడాదే తప్పి, ఐటీఐలో మోటార్ మెకానిక్ సర్టిఫికెట్ సంపాదించి, రైల్వే స్టేషన్ దగ్గర ఉస్తాద్ రేకుల షెడ్డులో పనికి కుదిరాను. నెల తిరగకముందే నాకు తెలియనిది లేదనిపించింది. సగం వచ్చిన విద్య మనిషిని ఎంత ఎత్తున కూర్చోబెడుతుందో, అక్కడినుంచి ఎవరి మీద పడేస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దెబ్బ పడింది నా మీద కాదు, అదే నా సిగ్గు.

ఉస్తాద్ టైమింగ్ పెట్టే పద్ధతి చూస్తే నాకు నవ్వొచ్చేది. టైమింగ్ అంటే మరేం లేదు, పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు ఆవిరిని నొక్కుతున్నప్పుడు ప్లగ్గు సరిగ్గా ఏ క్షణంలో నిప్పు కొట్టాలన్న లెక్క. ఉస్తాద్ ప్లగ్గు ఊడదీసి ఆ కన్నంలోకి ఒక సైకిల్ పుల్ల దింపేవాడు. పుల్ల మీద ఆకురాయితో కోసిన గాటు ఒకటి ఉండేది. ఆ గాటు కన్నం అంచు దగ్గరికి వచ్చేసరికి, ప్లగ్గుకు నిప్పు పంపే పాయింట్ల మధ్య ఇరికించిన సిగరెట్ పెట్టె కాగితం ముక్క వేళ్లకు వదులుగా రావాలి. వచ్చిందా, టైమింగ్ కుదిరినట్టే. నేనేమో పాత పేపర్ల దుకాణంలో తూకానికి కొన్న ఇంగ్లీషు కార్ల పత్రికలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. వాటిలో పందెం కార్లుండేవి, కంప్యూటరే లెక్క చూసి పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండేది, టైమింగ్ అంతా డిగ్రీల్లో ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక "ఉస్తాద్, గీ గాటు ఎన్ని డిగ్రీలు?" అని అడిగాను. ఆయన పుల్ల మీంచి చూపు తిప్పకుండానే "డిగ్రీలు కాలేజీల ఉంటయి బేటా. గీడ గాటు ఉంటది" అన్నాడు. ఎంత వెనకబడిన మనిషి అనుకుని జాలిపడ్డాను.

నేను ఉండేది మా అక్కా బావల ఇంట్లో. రెండు గదుల కిరాయి ఇల్లు, నల్లా లేదు, వీధి బోరింగే దిక్కు. బావ నస్పూర్ బొగ్గు గనిలో బదిలీ పనివాడు. అంటే, పర్మినెంట్ పనివాడు ఎవరైనా రాని రోజున ఆ స్థానంలో దిగేవాడు. దిగిన రోజుకు హాజరు పట్టీలో ఒక మస్టర్ పడేది. ఏడాదిలో పడాల్సినన్ని మస్టర్లు పడితే బావ కూడా పర్మినెంట్. తక్కువైతే అవన్నీ గంగలో కలిసినట్టే, కొత్త ఏడాది మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ డిసెంబరు మొదట్లో బావకు ఇంకా పన్నెండు మస్టర్లు కావాలి. పర్మినెంట్ అయితే క్వార్టర్ ఇస్తారు, క్వార్టర్లో నల్లా ఉంటుంది. అక్క అప్పటికే ఒక పేరంటానికి వెళ్లిన వంకన ఆ క్వార్టర్ల లైను చూసి వచ్చింది. ఏ నల్లా ఎన్ని గంటలు వస్తుందో కూడా కనుక్కుని వచ్చింది.

బావకు వాళ్ల నాన్న రిటైరైనప్పుడు ఇచ్చిన పెద్ద మోటార్ సైకిల్ ఒకటి ఉండేది. చలికి అది పొద్దున్నే మొండికేసేది. పది కిక్కులు కొట్టి, చెమట పట్టి, చివరికి గనికి ఆలస్యంగా పోతే ఆ రోజు పని ఇంకొకడికి పోయేది. ఒక ఆదివారం బావ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బామ్మర్దీ, ఒక్కటే పని చేసి పెట్టురా. పొద్దుగాల ఒక్క కిక్కుకు స్టార్టు కావాలె. ఉస్తాద్ దగ్గరికి తోలుకపోదామంటే ఇయ్యాల షెడ్డు బందున్నది."

"ఉస్తాద్ ఎందుకు బావా, నేను లేనా? టైమింగ్ డిగ్రీల లెక్కన పెడ్త. పందెం బండి లెక్క ఉరుకుతది సూడు."

"డిగ్రీ తప్పినోనివి, గీ డిగ్రీలు ఏడికెల్లి తెచ్చినవ్‌రా?" అన్నాడు బావ. నేను పత్రిక తెరిచి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బొమ్మ చూపించి, రాబోయే కాలంలో ఇంజన్లన్నీ ఇట్లాగే ఉంటాయని ఉపన్యాసం ఇచ్చాను. బావ బొమ్మను అటూ ఇటూ తిప్పి "అంటే ఇంజన్‌కు సూది ఏస్తరన్నట్టు. మరి గోలీలు?" అని అడిగాడు. అక్క లోపల్నించి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. వీళ్లకు పని చేసి చూపించాల్సిందేనని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. బావ అడిగిన ఒక్క కిక్కు సంగతి ఆ కోపంలో ఎటు పోయిందో పోయింది.

మేనకోడలి కంపాస్ పెట్టెలోంచి కోణమానిని తీసుకున్నాను. ఇంజన్ పక్క మూత విప్పి, ఆ ప్లాస్టిక్ ముక్కను మైదాపిండి జిగురుతో అతికించాను. (నవ్వకండి. పందెం కార్లవాళ్లు ఇనుప పళ్లెం వాడతారు, నాకు మైదా దొరికింది.) పత్రికలో ఇలాంటి ఇంజన్‌కే పిస్టన్ పైకొసకు చేరడానికి ముప్పై ఆరు డిగ్రీలు ముందు నిప్పు పడాలని ఉంది. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క కూడా ఉంది, అది నిండు వేగం మీద ఉండాల్సిన లెక్క అని. నిలబడి ఉన్న ఇంజన్‌లో నిప్పు చాలా ఆలస్యంగా పడాలి, వేగం పెరిగే కొద్దీ లోపలి బరువులు విచ్చుకుని దాన్ని వాటంతటవే ముందుకు జరుపుకుంటాయి. ఆ చిన్న అక్షరాలు నేను చదవలేదు. పెద్దవి అర్థమైన ఆనందంలో చిన్నవాటి జోలికి పోలేదు. నిలబడి ఉన్న ఇంజన్‌కు ముప్పై ఆరు డిగ్రీలు నిలువునా పెట్టేసి బోల్టులు బిగించాను.

అప్పటి నా బరువుకు ఆ బండి కిక్కు కిందికి దిగేది కాదు. అందుకని ఎప్పటిలాగే గేరులో పెట్టి, వీధి వాలులో నూకించి స్టార్ట్ చేశాను. ఇంజన్ గట్టిగా అందుకుని గలగలమని మోగింది. "ఏందిరా, లోపల చిల్లర పైసలేమన్న ఏసినవా?" అన్నాడు బావ. "పందెం బండ్ల చప్పుడు గట్లనే ఉంటది బావా" అన్నాను. ఆ గలగల ఇంజన్ పెడుతున్న మొర అని తెలుసుకోవడానికి నాకు ఇంకా రెండేళ్లు పట్టింది.

మరునాడు పొద్దున్నే బావ టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించి, నిండా బరువు వేసి కిక్కు తొక్కాడు. నేను అరుగు మీద దుప్పట్లోనే ఉన్నాను. ధన్‌మని ఒక చప్పుడు, వెంటనే బావ అరుపు. ఊయల ఇంకా మన వైపు వస్తుండగానే ఎదురు తోస్తే ఎలా ఉంటుందో అలా అయింది. పిస్టన్ పైకి రాకముందే నిప్పు పడి వెనక్కి తన్నింది, ఆ తన్ను కిక్కు రాడ్డులోంచి బావ కాలికి వచ్చింది. పిక్క ముందరి ఎముక విరిగింది. డబ్బాలోని అన్నం మట్టిలో పడి ఉంది. అక్క ఏడుస్తూనే ముందు దాన్ని ఎత్తబోయింది, ఏం చేయాలో తోచక.

ఆసుపత్రిలో డాక్టరు ఎట్లా అయిందని అడిగితే బావ "కిక్కు ఎదురు తన్నింది సార్" అన్నాడు. అందరూ నావైపు చూశారు, మెకానిక్‌ను కదా. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "కిక్కు సగంల ఇడిసిపెట్టిండు సార్. నిండుగ తొక్కాలె. సగంల ఇడిస్తె గట్లనే తంతది." ఎంత నిబ్బరంగా చెప్పానో! బావ కళ్లు మూసుకుని, నొప్పి మధ్యనే ఆలోచించి, "అవునేమోరా... నిద్ర మబ్బుల సగంల ఇడిసిననేమో" అన్నాడు. అక్క అందుకుంది. "ఎప్పుడు సూసిన తొందరే. ఇగో, మస్టర్లు గంగల కలిసినయి."

బండిని షెడ్డుకు నూక్కుంటూ తీసుకుపోయాను. ఉస్తాద్ పుల్ల దింపి చూశాడు, కాగితం లాగి చూశాడు. ఇంజన్‌కు అంటిన మైదాపిండి గోటితో గీకి వాసన చూశాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. గాటు దగ్గరికి టైమింగ్ తెచ్చి పెట్టి, చేతులు తుడుచుకుంటూ "మీ బావకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్నాడు. "నేనే చెప్త ఉస్తాద్" అన్నాను. వారం తర్వాత "చెప్పినవా?" అని అడిగాడు. చెప్పానన్నాను. అది రెండో అబద్ధం. ఆయన తలకాయ ఊపి, "శాబాష్" అన్నాడు. ఆ శాబాష్ ఇప్పటికీ నాకు అరగలేదు.

ఆ ఏడు మస్టర్లు నిండలేదు. అక్క ఇంకో ఏడాది బోరింగ్ కొట్టింది. తర్వాతి ఏడు బావ పర్మినెంట్ అయ్యాడు, క్వార్టర్ వచ్చింది, నల్లా వచ్చింది, కథ అక్కడితో చల్లబడాలి. కానీ బావ ఆ బండి అమ్మేశాడు. "నాకు కిక్కు కొట్ట చాత కాదు" అని సైకిల్ మీదే గనికి పోయేవాడు. పెళ్లిళ్లలో ఎవరైనా కుర్రవాడు బండి స్టార్ట్ చేస్తుంటే ఆపి మరీ చెప్పేవాడు. "సగంల ఇడవకు బిడ్డా. నేను ఇడిసే కాలు ఇరగ్గొట్టుకున్న." నేను పక్కనే విస్తరి ముందు కూర్చుని ఉండేవాణ్ణి. తలవంచుకుని అన్నం కలిపేవాణ్ణి. నిజం మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

తొంభైల చివర్లో కరీంనగర్‌లో నాకు సొంత షెడ్డు ఉండేది. కొత్త కార్లు వస్తున్నాయని హైదరాబాదులో శిక్షణకు పోయాను. ఆ ఫ్యూయల్ ఇంజెక్షన్ కళ్లతో చూడటం అదే మొదలు. టైమింగ్ కూడా కంప్యూటరే పెట్టుకుంటుందట, మెకానిక్ వేలు పెట్టనక్కర్లేదట. "లోపల తప్పు జరిగితే ఏం చేస్తుంది?" అని ఎవరో అడిగారు. "వెంటనే ఒప్పుకుంటుంది" అన్నాడు నేర్పే ఆయన, డ్రైవరు ముందర వెలిగిన పసుపు లైటు చూపిస్తూ. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తిరుగు ప్రయాణంలో కరీంనగర్‌లో దిగకుండా నేరుగా నస్పూర్ పోయాను.

బావ క్వార్టర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ముప్పై ఆరు డిగ్రీలు, బరువులు, నిండు వేగం, చిన్న అక్షరాలు. తిడతాడని, చెయ్యి చేసుకున్నా న్యాయమేనని సిద్ధపడ్డాను. బావ వంగి ఆ కాలి పిక్క తడుముకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అంటే... గా దినం నేను కిక్కు మంచిగనే తొక్కిన్నా?"

"మంచిగనే తొక్కినవ్ బావా. నిండుగ తొక్కినవ్. గట్ల తొక్కబట్టే అంత దెబ్బ తగిలింది."

"ఏమే!" అని లేచాడు బావ. "ఇంటున్నవా? నా తప్పు లేదట! జల్ది రా!"

అక్క తడి చేతులతో బయటికి వచ్చింది. ఆమెకు మళ్లీ మొదట్నించి చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు గురించి రాయను. బావకు మాత్రం తిట్టే తీరికే లేదు. చెప్పులు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని పక్క క్వార్టర్‌కు నడిపించాడు. "చెప్పురా" అన్నాడు. చెప్పాను. ఆ పక్క గడపకు తీసుకుపోయి మళ్లీ "చెప్పురా" అన్నాడు. అలా ఆ లైనంతా తిప్పాడు. మొదటి గడపలో డిగ్రీలతో మొదలుపెట్టినవాణ్ణి, మూడో గడపకు డిగ్రీలు వదిలేశాను, ఐదో గడపకు పత్రిక కూడా పోయింది. ఆఖరికి "తప్పు నాది, బావది కాదు" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. చదువుకున్నవాడి నోట ఇంత సూటిగా ఒక మాట రావడానికి పన్నెండేళ్లూ తొమ్మిది గడపలూ పట్టాయని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. బావ కాలు కొద్దిగా ఈడ్చుకుంటూనే, పదో గడప వైపు నాకంటే ముందు నడుస్తున్నాడు.