కంపవాత రోగుల సుభద్రమ్మ గారు

డాక్టర్ సుభద్రమ్మ గారు హృద్రోగంతో హఠాత్తుగా అస్తమించారని హైదరాబాదు నుండి టెలిఫోను వచ్చినప్పుడు నేను మహబూబ్‌నగర్ దవాఖానలో రోగులను చూస్తున్నాను. పోయిన వారమే వచ్చి నా భుజం తట్టి వెళ్లిన మనిషి లేరంటే మనసు ఒప్పుకోవడం లేదు.

కొత్తకోట ప్రాంతపు రైతు కుటుంబంలో జన్మించి, మెదడు క్షీణించే వ్యాధుల పరిశోధనకే జీవితాన్ని ధారపోసిన విదుషీమణి ఆమె. నేను ఆమె శిష్యుణ్ణి. హైదరాబాదులో పాఠాలు చెబుతూనే వారం వారం మా దవాఖానకు వచ్చేవారు. "రోగం పేరు చెప్తే మన పని అయిపోదు. మనిషి పొద్దున ఎట్ల లేస్తున్నడో అడుగు" అనేవారు.

మల్లయ్య అనే గొర్రెల కాపరి, ఒళ్లు వణికి బిగుసుకుపోయే కంపవాతంతో ఏళ్ల తరబడి ఆమె వైద్యంలో ఉండి, మా దవాఖానలోనే కన్నుమూశాడు. అతని మెదడును పరీక్షించడం పరిశోధనకు అత్యావశ్యకం. అతని భార్య ఎల్లమ్మను నేను అడగబోతే సుభద్రమ్మ గారు వారించారు. "గామెను ముందుగాల ఏడ్వనియ్యి."

చివరికి ఎల్లమ్మే అడిగింది. "డాక్టరమ్మా, గీ బీమారి నా కొడుక్కు గూడ వస్తదా?"

"తెల్వదక్కా. ఆయన మెదడు చూస్తే ఏమన్న తెలుస్తదేమో. తెల్వకపోవచ్చు గూడ. నువ్వు వద్దంటే వద్దు."

ఎల్లమ్మ భర్త పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "మొకం మీద గాటు పడొద్దు" అన్నది.

పడలేదు. సుభద్రమ్మ గారే స్వహస్తాలతో కుట్లు వేసి, తలపాగా చుట్టి, శవం వెంట ఊరిదాకా వెళ్లారు.

తరువాత ఎల్లమ్మను హైదరాబాదు పిలిపించి సూక్ష్మదర్శినిలో చూపించారు. "గీ జాగాల నల్లగ గింజలసొంటివి ఉండాలె. ఆయనకు పోయినయి. అందుకే కదలలేకపోయిండు."

"జిద్దు చేస్తున్నడనుకున్న డాక్టరమ్మా! లెవ్వమని ఎన్ని తిట్లు తిట్టిన్నో!"

"నీకెట్ల తెలుస్తదక్కా? గిన్నేండ్లు సదివిన మాకే తెల్వకపాయె" అని ఆమెను అక్కున చేర్చుకున్నారు. కొడుకు సంగతి ఇంకా తెలియదని కూడా దాచకుండా చెప్పారు. ఆ కణాలు ఎందుకు నశిస్తాయో కనుగొనాలని కడదాకా తపించారు. ఆ జవాబు దొరకకముందే మృత్యువు ఆమెను మనకు దూరం చేసింది.

ఆ కరుణామయికి అక్షరాలతో ఏ నివాళి అర్పించగలను? నిన్న, ఆమె వచ్చే రోజని, ఒక ముసలి కంపవాత రోగి తన కొడుకు భుజం పట్టుకుని మా దవాఖానకు వచ్చాడు. సంగతి చెప్పాను. ఈ వ్యాధి ముఖంలోని భావాలను సైతం హరిస్తుంది. ఆయన ముఖంలో ఒక్క రేఖ కదలలేదు. కళ్ల నుండి మాత్రం నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి.