గంప అడుగు పెట్రోలు

డెబ్బైల మొదట్లో కొండాపూర్ దగ్గర మాకు అంగూర్ తోట ఉండేది. ద్రాక్షపండ్లను పట్నం మార్కెట్‌కు చేర్చడానికి నాయిన ఒక పాత పికప్ బండి కొన్నాడు. ఆయనకు చూపు సరిగా ఆనదు కాబట్టి డ్రైవింగ్ నేను నేర్చుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. చీర కుచ్చిళ్లు ఎగదోపి స్టీరింగ్ పట్టిన ఆడపిల్ల ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. నా గర్వం బండి కంటే నాలుగడుగులు ముందు పోయేది.

ఇంజిన్ నా పరువు తీసింది. బరువు వేసుకొని ఎత్తెక్కితే చాలు, లోపల ఎవరో గోళీలాడుతున్నట్టు టకటకమనేది. మా పెద్దనాయినకు కావలసింది అదే.

"ఆడపిల్ల తోల్తే బండి మొత్తుకోదా? కోతకొచ్చేలోపు ఆ సప్పుడు పోకుంటే డ్రైవర్‌ను పెడదాం" అని తేల్చేశాడు. ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు. కోతకు పది రోజులే ఉంది. బెంగతో అన్నం సయించలేదని చెబితే అబద్ధం. తిన్నాను, కాకపోతే పళ్లు కొరుకుతూ తిన్నాను.

నాయిన నా పక్షమే. కానీ ఆయనకు వచ్చిన విద్య ఒక్కటే, పండ్లకు గ్రేడు కట్టడం. "బండికి సెకండ్ గ్రేడు తాపుతున్నం బిడ్డా, గందుకే గిట్ల. ఫస్ట్ గ్రేడు పోయిద్దాం" అన్నాడు.

మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు మీది బంకులో మామూలు పెట్రోలు, సూపర్ పెట్రోలు రెండూ దొరికేవి. సూపర్ పోయించాం. నాయిన రెండు చుక్కలు అరచేతిలో వేయించుకొని, వాసన చూసి, వేలితో రుద్ది తల ఊపాడు. నాలుకకు అంటించుకోబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. తీరా ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ టకటక.

వెంటనే నాయిన బండి వెనక్కి తిప్పించాడు. బంకు సారు కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తుడు.

"సారూ, జర నిజం జెప్పు. పైన మంచిది వెట్టి అడుగున పనికిరానిది వెట్టిన్రా?" అని నిలదీశాడు నాయిన.

"పెట్రోలుకు పైనా అడుగూ ఏముంటాయండి?"

"ఎందుకుండయి? మా గంపల మేం పెడ్తలేమా..."

నాయిన అక్కడ ఆగాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. పైన బొద్దు గుత్తులు, అడుగున బక్క గుత్తులు సర్దడం మా ఇంటి రహస్యం. ఆ రహస్యం పెట్రోలుకు నిలబడ్డ వాళ్లందరూ విన్నారు. నాకు సీటు కింద దూరాలనిపించింది. సారు నవ్వు ఆపుకుంటూ, "అయినా మీ పాత బండికి సూపర్ అక్కర్లేదండి. మియాపూర్‌లో మెకానిక్ ఉన్నాడు, చూపించండి" అన్నాడు.

మెకానిక్ బానెట్ ఎత్తి, ఒక నట్టు వదులు చేసి, ఏదో కాస్త తిప్పాడు. "టైమింగ్ ముందుకున్నది, లోపల నిప్పురవ్వ జల్ది పడుతున్నది. గిట్లుంటే ఏ పెట్రోలు వోసినా కొట్టుకుంటది. ఈ ఇంజిన్‌కు మామూలుదే మస్తు. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. ఫస్ట్ గ్రేడు వద్దనే మనిషిని నాయిన మొదటిసారి చూశాడు. దారి పొడుగునా గొణుగుతూనే మామూలుది పోయించాడు.

కోత రోజు రానే వచ్చింది. తెల్లవారుతుండగా గంపలన్నీ ఎక్కించాం. పెద్దనాయిన మా పక్కనే ఇరుక్కొని కూర్చొని, చెవి ఇంజిన్ వైపు పెట్టాడు. ఎత్తు మొదలైంది. సగం దాటాం. గోళీల చప్పుడు లేదు.

"సూపర్ పోయించినవ్ గదా తమ్మీ, గందుకే సప్పుడు లేదు" అన్నాడు పెద్దనాయిన.

నాయిన సెకండ్ గ్రేడును నలుగురిలో ఒప్పుకునే మనిషి కాదు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"మామూలుదే వోయించిన అన్నా. సూపర్ అంటె మా బిడ్డ."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో క్లచ్ తొక్కడం మరిచి గేరు మార్చబోయాను. బండి ఒక్క కుదుపుతో ఎత్తు నడుమ ఆగిపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పెద్దనాయిన కిందికి దిగాడు. రోడ్డు పక్కన ఒక రాయి వెతికి, చక్రం వెనక అడ్డం పెట్టాడు.

"ఇగ తోలు బిడ్డా" అన్నాడు.