నమ్మినవాళ్లు తాగేసిన ఏరు

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఊటకాలువ పూడిక తీసేచోట, ఊరంతా చూస్తుండగా కుప్పుస్వామి నోరు మూయించాడు ధనంజయ. రుక్మిణమ్మ అప్పుడు గట్టుమీదే ఉంది. స్వర్ణముఖి ఇసుకను తవ్వి నీటి ఊటను పొలాలకు మళ్లించే కాలువ అది. ఏరు పారితేనే దానికి ప్రాణం.

కుప్పుస్వామి పార కింద పెట్టి, "ఈయేడు మేఘాలకు శని అధిపతి. వానా రాదు, ఏరూ రాదు. వరి ఏసినోడు గడ్డి తింటాడు" అన్నాడు.

"మామా, ఆ పంచాంగం రాజమండ్రోళ్లూ సదువుతారు గదా?" అన్నాడు ధనంజయ.

"సదువుతారు. అయితే?"

"వాళ్లకూ ఆ శనే గదా! మరి గోదారి ఎండిపోతాదా? శనికి మనూరి దోవ ఒకటే తెలుసునా?"

జనం పగలబడి నవ్వారు. కుప్పుస్వామి పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ధనంజయ రుక్మిణమ్మకు మరిది వరస. తిరుపతిలో లెక్కలు చదివి, చిత్తూరులో ఏటినీళ్ల లెక్కలు చూసే కచేరీలో కుదిరాడు. ఎన్నేళ్లుగానో పడిన వాన, పారిన ఏరు, పైర్లు తాగిన నీరు అన్నీ కూడి, ముందు ముందు ఎంత మిగులుతుందో చెప్పడం అతని పని. చినుకు పడితే అందరూ ఇంట్లోకి పరుగెత్తితే, అతను వాన కొలిచే గిన్నె దగ్గరికి పరుగెత్తుతాడు. తాళి కట్టిన మరుక్షణం చినుకు పడితే పందిట్లోంచి లేచిపోయాడని పిల్లనిచ్చిన అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది.

"ఇది జోస్యం కాదొదినా, అంచనా" అనేవాడు.

"రెండిటికీ తేడా ఏందబ్బయ్యా?"

"జోస్యం తప్పితే శాంతి చేస్తారు. అంచనా తప్పితే మళ్లీ లెక్క చేస్తారు."

భాద్రపదంలో ఇలా వాన పడిన పదేళ్లలో ఏడేళ్లు ఏరు బాగా వచ్చిందన్నాడు. రుక్మిణమ్మ మడి కాలువకు చిట్టచివర. ఎప్పుడూ రాగి వేసే మనిషి, ఆ మాట పట్టుకుని మడంతా వరి నాటింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ మడిలోనే ఉంది.

అంచనా తప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. కార్తీకంలో కుండపోత పోసింది, ఏరు గట్లు ఒరుసుకుని పారింది. తీరా పుష్యంలో వరి పొట్టకొచ్చేసరికి కాలువలో కప్ప తడిసేపాటి నీళ్లు కూడా లేవు.

కబురందుకుని ధనంజయ వచ్చాడు. ఇద్దరూ ఏటి వెంబడి ఎగువకు నడిచారు. చూసినంత మేరా పచ్చటి వరి. గట్టు పొడుగునా కరెంటు మోటార్ల రొద.

"ఈడంతా శెనక్కాయలు గదా! మా లెక్కలో ఒక్క మోటారూ లేదే!" అన్నాడు ధనంజయ.

"కచేరీ మనిషి అడిగితే ఎవుడు సెప్తాడురా? ఈడ నీకు పిల్లనిచ్చిన మామే మోటారును గడ్డివామిలో దాచినాడు. ఏరొస్తాదని నువ్వు గెలిసి సెప్పిన మాట మనూరోళ్లకే ఇనపడిందనుకొన్నావా?"

ధనంజయ ఇసుకలో కూలబడ్డాడు. వానను కొలిచాడు, ఏటిని కొలిచాడు. తన మాట నమ్మేవాళ్లు ఎంత తాగుతారో కొలవలేదు.

రుక్మిణమ్మ వరి సగానికి పైగా తాలుపోయింది. శనిని నమ్ముకున్న కుప్పుస్వామి ఇంట్లో మాత్రం రాగులు రాశిపడ్డాయి. అతను మర్యాదస్తుడు, ఒక్క మాట అనలేదు. రుక్మిణమ్మకు మాత్రం రెండు మూటల రాగులు పంపాడు. ఆ ఏడాదంతా ధనంజయ ఆమె ఇంట సంగటి ముద్ద ముట్టలేదు.

మరుసటి భాద్రపదంలో, నార్లు పోయకముందే, అతను వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"వదినా, పైఊళ్లన్నీ ఒక్కసారి తిరిగి రావల్ల."

"నేనేమన్నా మీ కచేరీ బంట్రోతునా?"

"నేను పోతే అందరూ రాగే ఏస్తామంటారు. నువ్వు పోతే వక్కాకు పెట్టి మాట్లాడతారు. ఈ తూరి మళ్లీ నీ మడి ఎండకూడదంటే, ఎవురికి మోటారుండాదో, ఎవురు వరి ఏస్తారో నాకు తెలియల్ల. లెక్కకని మాత్రం సెప్పొద్దు. మీ సెల్లెలి మనవరాలికి సంబంధం సూస్తా ఉండామని సెప్పు. అడక్కుండానే మోటారుకాడికి తీసకపోయి సూపిస్తారు."