నలభై దోసిళ్ల కొసరు

మొన్న ముసురు పట్టిన రోజు సిరోంచ బజారులోని మా దుకాణంలో కూర్చుని ఉంటే, మనవడు కరెంటు కాంటా మీద బియ్యం జోకుతూ, అంకె సరిగ్గా కుదరాలని సంచిలోంచి నాలుగు గింజలు వెనక్కి తీశాడు. అప్పుడే ప్రాణహిత నది మీదుగా ఒక హెలికాప్టర్ వెళ్లింది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే, అది క్షేమంగా దాటిపోయిందని తేలేదాకా నాకు చేతిలో పని సాగదు.

నా ఈడువాళ్లకు ఆ వానాకాలం గుర్తుండే ఉంటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రెండో ఏడు. నదులు పొంగి, అడవిదారులన్నీ తెగి, కొండల మీది పల్లెలకు గింజ చేరే మార్గం లేకపోయింది. వాళ్లకు హెలికాప్టర్‌లో బియ్యం పంపుతున్నామని, సంచికి ఇరవై కిలోలు, అంతకు మించి గింజ ఉండకూడదని చెప్పి, జోకే పని తహసీలు మనిషి మా దుకాణానికి అప్పగించాడు. మా ఇంట్లోనేమో ఎవరికి ఏది జోకినా కాంటా దించాక పైన కొసరు పడాల్సిందే. కొసరు వేయని చేతికి బరకత్ ఉండదని, ఆ ఇల్లు వృద్ధిలోకి రాదని మా అత్త నమ్మకం. మామ జోకిన సంచుల మూతులు కుట్టడం నా వంతు. ఆయన అన్నానికి లేవగానే అత్త నా పక్కకు చేరి, "ఉపాసమున్నోళ్లకు గిట్ల గింజ గింజ లెక్కవెట్టి పంపుతరా బిడ్డా? సంచికో దోసెడెయ్యి" అంది. నలభై సంచులకు నలభై దోసిళ్లు, నేనే సంతోషంగా వేశాను.

మర్నాడు పొద్దున బడి మైదానం నుంచి లేచిన హెలికాప్టర్ తిరిగి రాలేదు. కొండల్లో కూలిపోయిందని సాయంత్రానికి కబురొచ్చింది. అందులో పైలట్‌తో పాటు మందుల పెట్టెతో ఒక నర్సమ్మ వెళ్లింది. ఎక్కడానికి ముందు మా దుకాణం దగ్గర ఆగి మంచినీళ్లు అడిగితే చెంబు అందించింది నేనే. బరువెక్కువై కూలిందేమో, ఆ బరువు నా చేతిదేమో అన్న గుబులు పట్టుకుంది. మూడు రోజులు నా కాళ్లు ఒకచోట నిలవలేదు. దోసెడు బియ్యం జోకడం, నలభైతో హెచ్చించడం, ఒంపేసి మళ్లీ జోకడం. ఆగలేక మామతో చెబితే, "దోసెడు బియ్యానికి గాలిమోటరు కూలుతదా? ఏంది పిచ్చి, జర కుదురుగుండు!" అని కసిరాడు. కసిరి, తానే వెళ్లి కాంటా రాళ్లు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

నాలుగో రోజు గోండు మనుషులు పైలట్‌ను మంచం మీద మోసుకొచ్చి, పడవలో నది దాటించారు. నర్సమ్మ బతకలేదు. అత్తా నేనూ దవాఖానకు జావ పట్టుకెళ్లాం. వచ్చీరాని హిందీలో నేను ఆయనకు జరిగిందంతా చెప్పేశాను. మబ్బులో కొండ కనపడలేదనీ, బియ్యం వల్ల ఏమీ కాలేదనీ ఆయన మెల్లగా అన్నాడు. బయట మంచం మోసిన పెద్దాయన, చిరిగిన సంచుల బియ్యం ఏరుకుని తమ పల్లె ఆ మూడు రోజులూ గంజి తాగిందని చెబితే, అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. పైలట్ మంచివాడు కాబట్టి నన్ను ఓదార్చడానికి అలా అన్నాడేమో అనే అనుమానం నాతోనే ఇంటికి వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు కొసరు అడిగేవాళ్లూ లేరు, వేసేవాళ్లూ లేరు. మనవడి కాంటా గింజ కూడా తప్పు చెప్పదు. అప్పట్లో అలాంటిది ఉండి దోసెడు కూడా ఎక్కువ పడనివ్వకపోతే నా బతుకు ఇంకాస్త నిశ్చింతగా గడిచేదనిపిస్తుంది, వెంటనే ఆ పల్లె గంజి గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకుంటాను. మొన్న వాడు అటు తిరగగానే, బియ్యం కొన్నామె సంచిలో వేద్దామని ఒక దోసెడు తీశాను. అంతలో హెలికాప్టర్ తిరిగి వస్తున్న చప్పుడు వినబడింది. అది నది దాటేసరికి ఆమె సంచి ముడేసుకుని వెళ్లిపోయింది, బియ్యం నా దోసిట్లోనే ఉండిపోయాయి.