లిఫ్టులో మెట్టెలు

హాలోవీన్‌కి పిల్లల్ని పంపొద్దని మేమిద్దరం మాట అనుకున్నాం. పక్క బ్లాకులో ఉండే నా స్నేహితురాలే ముందు అంది: "మనకెందుకక్కా ఈ దయ్యాల గోల? నువ్వు పంపకపోతే నేనూ పంపను."

ఆ మాట పట్టుకుని మా అమ్మాయిని ఏడిపించాను. "ఎవ్రీవన్ గోయింగ్ లా!" అని ఈ ఊరి ఇంగ్లీషులో అరిచి కాళ్లు నేలకేసి కొట్టింది. పూర్వం ఆ రోజున చచ్చిపోయినవాళ్లు తిరుగుతారని, వాళ్లు గుర్తుపట్టకుండా మనుషులు ముసుగులు వేసుకునేవారని బళ్లో విన్నదంతా చెప్పింది. నేను కరగలేదు.

ఆ సాయంత్రం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో దోసెలు కట్టించుకుని నేనూ, మా అమ్మాయీ ఇంటికొస్తున్నాం. మా బ్లాకు లిఫ్టులోకి మా వెనకే ముసుగు వేసుకున్న ఒక మంత్రగత్తె, చాక్లెట్ల సంచులతో రెండు బుల్లి అస్థిపంజరాలు ఎక్కారు. మర్యాదకి "హ్యాపీ హాలోవీన్" అన్నాను. మంత్రగత్తె తల ఊపిందే గానీ నోరు విప్పలేదు.

దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది. ఆ అలవాటుకొద్దీ కిందికి చూశాను. పాదాలు ముందుకే ఉన్నాయి. వేళ్లకి చేప మెట్టెలు. లిటిల్ ఇండియాలో గంటసేపు నిలబడి నా స్నేహితురాలికి నేనే ఏరిపెట్టినవి.

మా అంతస్తు వచ్చింది. మా అమ్మాయి ఆ సంచుల వంకే చూస్తూ దిగింది. "వాళ్లెవరమ్మా?" అని అడిగింది.

"ఎవరో, నాకేం తెలుసు?" అన్నాను.

చచ్చినవాళ్లు గుర్తుపట్టకూడదని వేసుకునే ముసుగుని, ఆ మహాతల్లి నేను గుర్తుపట్టకూడదని వేసుకుంది. నేనింకా బతికే ఉన్నాను.