అరాద్ బీరువాలో ఐదు డిస్కులు

1997 మార్చిలో బహ్రెయిన్‌లో నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని మా కంపెనీ సర్వరుకు బ్యాకప్ పద్ధతి ఏర్పాటు చేయడం. ఓడల మరమ్మతుకు కావలసిన విడిభాగాలు తెప్పించి ఇచ్చే కంపెనీ మాది. మీనా సల్మాన్ రేవులో వర్క్‌షాపు, దాని మేడ మీద ఆఫీసు, ఆఫీసు మూల గాజు గదిలో సర్వరు. ఏ ఓడకు ఏ భాగం వచ్చింది, అది ఏ అరలో ఉంది అన్నదంతా ఆ ఒక్క యంత్రంలోనే ఉండేది. నా హోదా సిస్టమ్స్ ఇంజనీరు. కంప్యూటర్ విభాగంలో నా పైన ఎవరూ లేరు, కింద కూడా ఎవరూ లేరు.

కింద వెల్డింగు నిప్పురవ్వలు, పైన సర్వరు. కాపీలు తీసి పక్కనే పెట్టుకుంటే నిప్పంటుకున్న రోజున అసలూ నకలూ కలిసి బూడిదవుతాయి. కాపీలు వేరేచోట ఉండి తీరాలని పట్టుబట్టాను. అరాద్‌లో ఎయిర్‌పోర్టు దగ్గర మాకో చిన్న గోడౌను ఉండేది. వ్యాను రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లొచ్చేది. అక్కడి ఇనప బీరువాలో ఒక అర అడిగి తీసుకున్నాను. సొరుగులా లాగి తీసే హార్డ్ డిస్కులు ఐదు కొనిపించాను.

పద్ధతి ఇది. సాయంత్రం సర్వరులో ఉన్నదంతా ఒక డిస్కులోకి కాపీ అవుతుంది. మర్నాడు పొద్దున అది అరాద్ వెళ్తుంది. అక్కడున్న నాలుగింటిలో అన్నిటికంటే పాతది వెనక్కి వస్తుంది, ఆ సాయంత్రం కాపీ దాని మీదే. తప్పు జరిగిన సంగతి ఆ రోజే తెలియాలని లేదు కదా. ఇలాగైతే ఎప్పుడు చూసినా నాలుగు పనిదినాలు వెనక్కి వెళ్లవచ్చు.

దీన్ని రెండు పేజీల ఇంగ్లీషులో రాసి, జనరల్ మేనేజరు చేత సంతకం పెట్టించి, బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను. డిస్కులకు ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేశాను. రిజిస్టరు పెట్టాను. అందులో రోజుకు రెండు గడులు, పంపినదానికి ఒక టిక్కు, వచ్చినదానికి ఒక టిక్కు. ఐదు నెలల్లో ఒక్క టిక్కు తప్పలేదు. ఆ రిజిస్టరు చూసుకుని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆగస్టులో ఒక సోమవారం కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తుంటే సరుకు వివరాల ఫైలు పాడైంది. ఆ సంగతి బుధవారం దాకా ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ఒక ఓడ పంపు భాగాలు వెతికితే అవి ఇంకో ఓడ పేరున, లేని అరలో కనిపించాయి. ఆ ఓడ శనివారం పొద్దున రేవులోకి వస్తోంది. జనరల్ మేనేజరు బహ్రెయిన్ వాడే, కంగారు మనిషి. ఆదివారం కాపీ అరాద్‌లో భద్రంగా ఉంది, గంటలో తెస్తానని ఆయనకు ధీమాగా చెప్పి వ్యానెక్కాను.

బీరువా తెరిస్తే నాలుగు డిస్కులు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. పైదాని మీద వేలిముద్రలు. కింది మూడింటి మీదా వేలు పెడితే గీత పడేంత దుమ్ము.

అక్కడి స్టోర్‌కీపరు అప్పలనాయుడు. శ్రీకాకుళం వైపు మనిషి, తొమ్మిదేళ్లుగా ఆ గోడౌనుకు అతనే దిక్కు. పాత డిస్కు కదా పంపాల్సింది అన్నాను.

"ఆపీసుకి పాతయి పంపుతామేటమ్మా? అప్పుడోపాలి పంపులకేసే పాత రబ్బరు సీళ్లు పంపితే మీ ఆపీసోలే తిట్టినారు. అందుకే పైనున్న తాజాది తీసి ఇచ్చి, మీరు పంపింది దాని జాగాలో ఎడతన్నాను."

అంటే ఐదు డిస్కుల్లో తిరిగినవి రెండే. వాటిలో ఉన్నవి సోమవారం, మంగళవారం కాపీలు, రెండూ పాడైనవే. మిగతా మూడూ మార్చి నెలాఖరు నాటివి. నాకు ఒళ్లు మండిపోయింది. డ్రైవరు ముందే నోరు పారేసుకున్నాను, బుద్ధుందా అని అరిచాను. ఆ ఊపులోనే అక్కడి ఫోనెత్తి, స్టోర్‌కీపరు కొంప ముంచాడని జనరల్ మేనేజరుకు చెప్పేశాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "ఖలాస్." వీసా రద్దు చేసి ఇంటికి పంపించేయమన్నాడు.

నాయుడికి ఆ మాట నా ముఖంలోనే కనిపించినట్టుంది. బీరువా తలుపు చూపించాడు.

"ఆ కాయితంలో ఏటున్నాదో సదివి సెప్పండమ్మా. నాకు ఇంగ్లీసు రాదని మీకు తెల్సు గదా."

చదివాను. మూడో అంశంలో, ఒక డిస్కును ఆఫీసుకు తిప్పి పంపవలెనని ఉంది. ఏ డిస్కో లేదు. పాతది అన్న మాట నా తలలో ఉంది, కాగితం మీద లేదు. రోజూ వచ్చిన డిస్కును దూర్చింది నేనే. నంబర్లు వేసింది నేనే, ఒక్కరోజూ వాటిని చూడనిదీ నేనే. నాలుగూ ఐదూ, నాలుగూ ఐదూ అని రిజిస్టరులో రాసి ఉంటే రెండో వారంలోనే బయటపడేది.

"ఐదు నెల్లు పంపినారు గదా," అన్నాడు నాయుడు. "ఒక్కటైనా ఎనక్కి ఏసి సూసినారా?"

నా తల కొట్టేసినట్టయింది. చూడలేదు.

కాగితాన్ని తలుపు మీంచి చింపి తీసుకెళ్లి జనరల్ మేనేజరు బల్ల మీద పెట్టాను. తప్పు నాదని, ఫోన్లో చెప్పింది అబద్ధమని చెప్పాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా అన్నాడాయన. నాయుడు లేకపోతే శనివారానికి సామాను దొరకదు, నాకు అతనూ కావాలి, రెండు రోజులూ కావాలి అన్నాను. శనివారం సామాను ఓడకు అందకపోతే ఇద్దరూ ఇంటికి వెళ్లండి అన్నాడు. సరే అన్నాను.

నాయుణ్ని అడగాలనుకున్నది అతని చీట్ల సంగతి. కంపెనీకి ఏ సరుకు వచ్చినా, ఏది అర మారినా, ఏది బయటికి పోయినా దాని చీటీ చివరికి అతని దగ్గరికే చేరేది. వాటి మీద ఓడ, భాగం, అర తెలుగులో రాసుకుని, నెలకో తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవాడు. ఐదు తీగలు తెచ్చాడు. మార్చి నాటి డిస్కు ఒకటి దుమ్ము తుడిచి సర్వరులో పెట్టాను. ఈ పద్ధతిలో ఒక కాపీని తిప్పి చదవడం అదే మొదటిసారి. కాసేపటికి తెర మీద మొదటి ఓడ పేరు వచ్చింది. ఇక దాని మీద ఐదు నెలల చీట్లు ఎక్కించాలి. గురువారం, శుక్రవారం అతను తీగ అడుగు చీటీ నుంచి పైకి చదువుతూ పోయాడు, నేను కొడుతూ పోయాను. నేను తొందరపడి ఒక చీటీ దాటేస్తే, "ఆగండమ్మా, పదమూడో అర ఒగ్గేసినారు" అని ఆపాడు. ఆ రెండు రోజుల్లో అతను నాతో పని మాట తప్ప ఇంకొకటి మాట్లాడలేదు.

శనివారం ఓడ వచ్చింది. సామాను అందింది. రెండు సీళ్లు మాత్రం చెప్పిన అరలో లేవు, నాయుడే వెతికి తెచ్చాడు. అతని ఉద్యోగం నిలిచింది. ఆ ఏడాది నాకు రావలసిన సీనియర్ గ్రేడు ఆగిపోయింది, అది న్యాయమే. అరిచింది డ్రైవరు ముందు కాబట్టి క్షమాపణ కూడా డ్రైవరు ముందే అడిగాను. "పోన్లెండమ్మా" అన్నాడు గానీ, మళ్లీ మామూలుగా మాట్లాడడానికి చాలా రోజులు పట్టింది.

కొత్త కాగితం ఒక్క పేజీలో, తెలుగులో రాశాను. రిజిస్టరులో టిక్కులు తీసేసి నంబరు గడులు పెట్టాను. నెలకోసారి ఒక డిస్కు తిప్పి చదవాలన్నాను. అంటించే ముందు నాయుడికి చదివి వినిపించి, ఏం చేస్తావో తిరిగి చెప్పమన్నాను. అంతా సరిగ్గా చెప్పి, "నాను సెలవెడితే ఎవులిత్తారమ్మా?" అన్నాడు. అది కూడా నేను రాయలేదు. మళ్లీ రాశాను.

రిటైరయ్యేదాకా చాలా చోట్ల ఇలాంటి పద్ధతులు రాశాను. ప్రతిదాన్నీ ముందు ఆ డిస్కు చేత్తో పట్టుకునే మనిషికి వినిపించి, అతని నోట తిరిగి చెప్పించుకున్నాకే మేనేజరు సంతకానికి పంపాను.