గైడు గారి గడిలో నా రాత

ఆరు నెలలకోసారి పరిశోధన ప్రగతి నివేదిక ఇవ్వాలి. అందులో గైడు అభిప్రాయం రాయడానికి ఒక గడి ఉంటుంది. మా దగ్గర ఆ గడి కూడా విద్యార్థే నింపి తీసుకెళ్లడం ఆనవాయితీ. "పరిశోధన సంతృప్తికరంగా సాగుతోంది" అని నా గురించి నేనే ఏడుసార్లు రాసుకున్నాను. ఏడుసార్లూ ఆయన చల్లగా సంతకం పెట్టారు. చెడ్డమనిషి కాదు. తరగతులు, కమిటీలు, మాలాంటి మరో ఏడుగురు. ఆయనా అలసిపోయిన మనిషే.

నా అంశం నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవారి ఆరోగ్యం. ఎండకు తలనొప్పి వస్తుందని ఏటా వానలు పడ్డాకే వెళ్లేదాన్ని. నాలుగో ఏడు కూడా అలాగే వెళ్లి, ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని ప్రశ్నల కాగితం తీశాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"ఏటమ్మా, ఎప్పుడూ వానల్లోనే వస్తావు. వానకి ఉప్పుంటాదేటి? ఉప్పు తీసినోలు ఎప్పుడో ఎలిపోనారు. నువ్వడుగుతన్నది మాలాటి ఇంటికాడున్న ముసిలోల్నే. ఎండల్లో వచ్చి సూడు."

తీసిన కాగితం మళ్లీ మడిచేశాను. నాలుగేళ్లు గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరిగాను. "ఏ నెలలో వెళ్లావు?" అని ఒక్కరు ఒక్కసారి అడిగి ఉంటే మొదటి ఏడే తెలిసిపోయేది. రైలెక్కి ఆమదాలవలసలో దిగేదాకా గైడు గారి మీద కోపం, దిగాక నా మీద సిగ్గు. గడువు ఆ ఏడాదితో సరి. మళ్లీ మొదలుపెట్టడానికి వేసవి ఏదీ?

ఎనిమిదో నివేదికలో ఆయన గడిలో ఇలా రాశాను: "విద్యార్థి సేకరించిన సమాచారం పనికిరాదు. వేసవిలో వెళ్లి మళ్లీ సేకరించాలి." ఆయన చదివి తిట్టాలని నిజంగా కోరుకున్నాను. నాలుగేళ్లలో ఆ తిట్టయినా దక్కేది.

"అంతా బాగానే ఉన్నాదా అమ్మా?" అంటూ పెన్ను తీశారు.

"లేదు సార్. ఒకసారి చదవండి."

"ఎప్పుడూ ఇలాగే బయపడతావు. నువ్వు రాసినాక నాను సూసేదేటుంటాది?" అని నవ్వి సంతకం పెట్టేశారు. కాగితం ఆఫీసుకు వెళ్లిపోయింది. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత విసుగు.

కొన్నాళ్లకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రగతి సంతృప్తికరంగా ఉన్నందున గడువు మరో ఏడాది పొడిగించారట. అక్కడా ఎవరూ చదవలేదన్నమాట. ఆ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, బజారుకెళ్లి ఒక గొడుగు కొన్నాను. వానకు కాదు.